పాత షూటర్ ఆటల సంగీతం: ఇంట్లో సరిగ్గా వినడానికి, దాచుకోవడానికి సమగ్ర మార్గదర్శి

డూమ్ అనేది 1993 నాటి తుపాకీ ఆట. యూట్యూబ్‌లో డూమ్ మ్యూజిక్ అని కొడితే బోలెడు వీడియోలు వస్తాయి. పాట ఒకటే, కానీ ఒక్కోదానిలో ఒక్కోలా వినిపిస్తుంది. ఒకచోట గిటార్ నిజం గిటార్‌లా ఉంటుంది, ఇంకోచోట తేనెటీగల గోలలా ఉంటుంది. ఇందులో అసలుది ఏది అని భీమవరం, అమలాపురం వైపు కుర్రాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు. రెండూ అసలువే. 90లలో వచ్చిన చాలా ఆటలు పాటను రికార్డు చేసి ఇవ్వలేదు, ఎలా వాయించాలో మాత్రం రాసి ఇచ్చాయి. వాయించే పని మన కంప్యూటర్‌లో ఉన్న సౌండ్ కార్డుది. అందుకే ఈ సంగీతాన్ని ఇష్టపడేవాళ్లు పాటను ఎంచుకునే ముందు దాన్ని ఎవరు వాయించాలో ఎంచుకోవాలి. ఈ మార్గదర్శి అంతా దాని గురించే.

మామూలు లాప్‌టాప్, వైరు ఉన్న ఇయర్‌ఫోన్లు, కాస్త తీరిక ఉంటే చాలు. గేమింగ్ పీసీ అక్కర్లేదు. ఈ ఆటలు పుట్టింది 90ల నాటి పాత కంప్యూటర్ల కాలంలో.

మొదటి అడుగు: మీ ఆట ఏ రకమో తేల్చుకోండి

పాత ఫస్ట్ పర్సన్ షూటర్ల (మన కళ్లతోనే చూస్తూ తుపాకీ పేల్చే ఆటల) సంగీతం ముఖ్యంగా మూడు రకాలు.

మొదటి రకం మిడీ, దాని చుట్టాలు. వుల్ఫెన్‌స్టైన్ 3డీ (1992), డూమ్ (1993), డూమ్ 2 (1994), రైజ్ ఆఫ్ ద ట్రయాడ్, డ్యూక్ న్యూకెమ్ 3డీ (1996) ఇందులోకి వస్తాయి. ఫైల్‌లో శబ్దం ఉండదు. ఫలానా క్షణంలో ఫలానా వాద్యం మీద ఫలానా స్వరం ఇంత బలంగా అన్న ఆదేశాలు మాత్రమే ఉంటాయి. ఒకే కీర్తనను పాలకొల్లు సన్నాయి మేళానికీ, ఊరేగింపులో ఇత్తడి బ్యాండుకీ ఇచ్చినట్టన్నమాట. స్వరాలు అవే, చెవిన పడేది వేరు.

రెండో రకం సీడీ ఆడియో. క్వేక్ (1996), క్వేక్ 2 (1997), హాఫ్-లైఫ్ (1998) ఈ దారిలో వచ్చాయి. స్టూడియోలో తయారైన పాట యథాతథంగా డిస్కులో ఉంటుంది. ఎక్కడ విన్నా ఒకటే.

మూడోది ట్రాకర్ మాడ్యూల్. అన్‌రియల్ (1998), అన్‌రియల్ టోర్నమెంట్ (1999) దీన్ని వాడాయి. ఇది మొదటి రెంటికీ మధ్యస్థం. వాద్యాల చిన్న చిన్న శబ్దపు ముక్కలూ, వాటిని ఏ వరసలో వాయించాలో చెప్పే పట్టికా ఒకే ఫైల్‌లో ఉంటాయి. అందుకే సైజు చిన్నది, అయినా ఏ కంప్యూటర్‌లో వాయించినా దాదాపు ఒకేలా ఉంటుంది.

కొన్ని ఆటలు రెండు పడవల మీదా కాళ్లు పెట్టాయి. 1997 నాటి బ్లడ్‌లో మిడీ పాటలూ ఉన్నాయి, సీడీ పాటలూ ఉన్నాయి.

రెండో అడుగు: ఆటను సక్రమంగా తెచ్చుకోండి

డూమ్ మొదటి ఎపిసోడ్ షేర్‌వేర్, అంటే రుచి చూడమని ఉచితంగా పంచిన భాగం. అందులోని తొమ్మిది మ్యాపులూ (లెవెళ్లూ) వాటి పాటలూ పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. ప్రయోగాలు మొదలుపెట్టడానికి అది చాలు. అన్‌రియల్, అన్‌రియల్ టోర్నమెంట్ ఆటలు ఎపిక్ సంస్థ అనుమతితో 2024 నుంచి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. మిగతావి ఆటలు అమ్మే స్టీమ్, గాగ్ సైట్లలో కొనుక్కోవచ్చు. డిస్కౌంట్ పెట్టినప్పుడు కొంటే పెద్ద భారం కాదు.

మూడో అడుగు: గది, కరెంటు, చెవులు

దీన్ని చాలామంది పట్టించుకోరు. మన డెల్టాలో మాత్రం పట్టించుకోవాలి. కరెంటు పోయి ఇన్వర్టర్ ఆన్ అయ్యాక స్పీకర్లలో గుయ్‌మని రొద వస్తుంటే అది పాటలోది కాదు. చవక ఇన్వర్టర్లు ఇచ్చే స్క్వేర్ వేవ్ కరెంటు వల్ల వచ్చే రొద అది. డూమ్ నెమ్మది పాటల్లో కింది స్వరాలు సరిగ్గా ఆ రొదలోనే కలిసిపోతాయి. ఛార్జర్ పీకేసి, బ్యాటరీ మీద నడుపుతూ ఇయర్‌ఫోన్లతో వినండి, తేడా వెంటనే తెలుస్తుంది.

ఆడుతూ వినేటప్పుడు బ్లూటూత్ వద్దు. ట్రిగ్గర్ నొక్కాక తుపాకీ శబ్దం ఆలస్యంగా వస్తే పాట మీద ధ్యాస నిలవదు. చెరువు గట్టున ఇల్లున్నవాళ్లు ఏరేటర్లు ఆగే వేళ చూసుకోవాలి. రేకుల కప్పు ఉన్నవాళ్లు వాన లేని రోజు చూసుకోవాలి. లాప్‌టాప్ సౌండ్ సెట్టింగులలో బాస్ బూస్ట్, 3డీ సరౌండ్ లాంటి అలంకారాలేవైనా ఆన్ అయి ఉంటే అన్నీ ఆపేయండి. పోలిక చూడాలంటే మధ్యలో ఎవరూ కల్తీ చేయకూడదు.

నాలుగో అడుగు: డూమ్‌ను రెండు గొంతులతో వినండి

ఇక్కడ తీరిగ్గా కూర్చోండి. ఈ ఒక్క అడుగు సరిగ్గా వేస్తే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

డూమ్ సంగీతం కట్టినాయన బాబీ ప్రిన్స్. వృత్తిరీత్యా లాయర్ కూడా. ఆయన వాడిన పరికరం రోలాండ్ ఎస్‌సీ-55 అనే సౌండ్ మాడ్యూల్. 1991లో వచ్చిన ఆ పెట్టెలో వాద్యాల నిజమైన శబ్దాల నమూనాలుంటాయి, రివర్బ్ (గదిలో ప్రతిధ్వని లాంటిది), కోరస్ (శబ్దాన్ని మందంగా చేసేది) కూడా ఉంటాయి. కానీ ఆ పెట్టె కొనుక్కున్నవాళ్లు ఎంతమంది? ఎక్కువమంది ఇళ్లలో ఉన్నది సౌండ్ బ్లాస్టర్ రకం కార్డు. అందులోని యమహా ఓపీఎల్ చిప్ శబ్ద నమూనాలేవీ దాచుకోదు. ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని కదిపి అప్పటికప్పుడు శబ్దం పుట్టిస్తుంది, దీన్నే ఎఫ్ఎం సింథసిస్ అంటారు. ఆ కాలపు ఆటగాళ్లలో అత్యధికుల జ్ఞాపకాల్లో ఉన్న డూమ్ ఈ చిప్ వాయించిన డూమే.

ముందు ఓపీఎల్ గొంతు వినండి. చాక్లెట్ డూమ్ అనే ఉచిత ప్రోగ్రామ్ దించుకుని, షేర్‌వేర్ వాడ్ ఫైల్‌ను (డూమ్ ఆట సరుకంతా ఉండే ఫైల్) అదే ఫోల్డర్‌లో పెట్టండి. దానితో వచ్చే సెటప్ ప్రోగ్రామ్ తెరిచి, సౌండ్ విభాగంలో మ్యూజిక్ కింద ఓపీఎల్ ఎంచుకోండి. ఆట మొదలుపెట్టి, తేలిక స్థాయిలో మొదటి గదిలోనే నిలబడండి, అక్కడ మీ మీద ఎవరూ పడరు. ఇప్పుడు కీబోర్డు మీద ఐ, డీ, ఎం, యూ, ఎస్ అక్షరాలు వరసగా కొట్టి, వెంటనే 1, 8 కొట్టండి. ఎంటర్ అక్కర్లేదు. మొదటి ఎపిసోడ్ ఎనిమిదో మ్యాపు పాట, సైన్ ఆఫ్ ఈవిల్, మొదలవుతుంది. అవే అక్షరాలు మళ్లీ కొట్టి 1, 1 కొడితే అందరికీ తెలిసిన మొదటి మ్యాపు పాట, ఎట్ డూమ్స్ గేట్, వస్తుంది. డూమ్ 2 అయితే ఎపిసోడ్‌లు ఉండవు కాబట్టి రెండంకెల మ్యాపు నంబరే కొట్టాలి.

తర్వాత రెండో గొంతు, ఎస్‌సీ-55 బాణీది. జీజెడ్‌డూమ్ అనే ఇంకో ఉచిత ప్రోగ్రామ్ దించుకుని, అదే వాడ్ ఫైల్‌తో నడపండి. ఆప్షన్స్‌లో సౌండ్ మెనూకి వెళ్తే మిడీ డివైస్ అన్న చోటు ఉంటుంది. ఫ్లూయిడ్‌సింథ్ ఎంచుకోండి. అది వాయించడానికి సౌండ్‌ఫాంట్ అనే వాద్యాల ఫైల్ కావాలి. ఒకటి ప్రోగ్రామ్‌తోనే వస్తుంది. నా సలహా అడిగితే జనరల్‌యూజర్ జీఎస్ అనే ఉచిత సౌండ్‌ఫాంట్ తెచ్చి, జీజెడ్‌డూమ్ ఫోల్డర్‌లో సౌండ్‌ఫాంట్స్ పేరుతో ఉన్న చోట పడేసి, మెనూలో దాన్ని ఎంచుకోండి. సైజు 30 ఎంబీ చుట్టుపక్కల ఉంటుంది. వందల ఎంబీల ఆర్కెస్ట్రా సౌండ్‌ఫాంట్లు తేవద్దు. వాటిలో వయొలిన్ అద్భుతంగా ఉంటుంది, డూమ్‌కి కావలసిన మొరటు గిటార్ మాత్రం మెత్తబడిపోతుంది.

ఏమీ ఇన్‌స్టాల్ చేయని విండోస్ కూడా మిడీ ఫైల్‌ను వాయిస్తుంది. మైక్రోసాఫ్ట్ అందులో పెట్టిన సింథ్ శబ్దాలు రోలాండ్ దగ్గర లైసెన్స్ తీసుకున్నవే. పాట గుర్తుపట్టడానికి పనికొస్తుంది, నా చెవికి మాత్రం చప్పగా ఉంటుంది.

ఇప్పుడు రెండింటిలో ఏం వినాలో చెబుతాను. ఎట్ డూమ్స్ గేట్‌లో గిటార్ మంద్రంలో ఒకే స్వరాన్ని దబదబా కొడుతూ ఉంటుంది, మధ్యమధ్యలో పై స్వరాలు ఒక్కో మెట్టూ కిందికి దిగుతాయి. సౌండ్‌ఫాంట్‌లో ఆ కింది స్వరం అరచేత్తో తీగను అదిమి కొట్టినట్టు పొట్టిగా, బిగువుగా ఉంటుంది. ఓపీఎల్‌లో అదే స్వరం రంపపు కోతలా గరగరలాడుతుంది, అంచులు పదునుగా ఉంటాయి. తర్వాత డ్రమ్స్ వినండి. ఓపీఎల్‌లో సింబల్, అంటే డ్రమ్స్‌తో వాయించే ఇత్తడి తాళం, రేకు మీద ఇసుక పోసిన శబ్దం చేస్తుంది. దాన్ని లోపం అనుకునేవాళ్లున్నారు. నాకు మాత్రం పాటకు కోపం తెచ్చేది అదే.

ఆ తర్వాత తోక వినండి. స్వరం ఆగిపోయాక గదిలో ఎంతసేపు మిగులుతుందో చూడండి. ఎస్‌సీ-55 రకం వాయిద్యంలో రివర్బ్ ఉంటుంది కాబట్టి శబ్దం కాసేపు వేలాడుతుంది. ఓపీఎల్‌లో అలాంటి ఎఫెక్టులేవీ లేవు, ఆపగానే కత్తిరించినట్టు ఆగుతుంది. సైన్ ఆఫ్ ఈవిల్‌లో ఆ పొడి మౌనమే భయం పుట్టిస్తుంది. అందుకే ఉరుకు పాటలను సౌండ్‌ఫాంట్‌లోనూ, నత్తనడక పాటలను ఓపీఎల్‌లోనూ వింటాను. దీనికి ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉన్నారు, ఉండనివ్వండి.

ఇంకో సూక్ష్మం ఉంది. యమహా వైఎం3812, అంటే ఓపీఎల్2 చిప్, ఒకేసారి తొమ్మిది గొంతులే పలికించగలదు. డూమ్ వాద్యాల్లో కొన్ని ఒక్కో స్వరానికి రెండేసి గొంతులు తీసుకుంటాయి. పాట రద్దీగా ఉన్నచోట గొంతులు చాలక కొన్ని స్వరాలు రాలిపోతాయి. సౌండ్‌ఫాంట్‌లో వినపడే సన్నని నేపథ్య స్వరం ఓపీఎల్‌లో అక్కడక్కడా మాయమైతే మీ సెట్టింగ్ తప్పని కంగారు పడకండి. తర్వాత వచ్చిన ఓపీఎల్3లో 18 గొంతులున్నాయి. కానీ డూమ్ దాన్ని తనంతట తానుగా వాడుకోదు, డాస్‌లో ప్రత్యేకంగా ఒక ఆప్షన్ పెట్టి చెప్పాల్సి వచ్చేది.

నర్సాపురంలో మా బావకి ఈ రెండూ వెనకా ముందూ వినిపించాను. పూర్తిగా విని, "ఆయ్, రెండు పాటలూ బానే ఉన్నాయి బావా, రెండోదాన్ని వేరేవాళ్లు కట్టారా?" అన్నాడు. ఫైల్ ఒకటేనని చెబితే ఇప్పటికీ నమ్మడు.

ఫైల్‌ను బయటికి తీసి చూడాలనిపిస్తే స్లేడ్ అనే ఎడిటర్‌తో వాడ్ తెరవండి. డీ అక్షరం, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే పేర్లన్నీ పాటలే. అవి మస్ అనే కుదించిన రూపంలో ఉంటాయి, స్లేడ్ వాటిని మిడీగా మార్చి ఇస్తుంది. ఫైల్‌లో ఉండేవి పొట్టి పేర్లే. డూమ్ 2 పాటల పూర్తి పేర్లు చదవడమే సరదా. షాన్స్ గాట్ ద షాట్‌గన్, ద డేవ్ డి. టేలర్ బ్లూస్ లాంటివి తగులుతాయి. షాన్ గ్రీన్, డేవ్ టేలర్ ఇద్దరూ డూమ్ తీసిన ఐడీ సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్లే.

ఐదో అడుగు: డ్యూక్‌కి కొద్దిసేపు

డ్యూక్ న్యూకెమ్ 3డీ సంగీతం లీ జాక్సన్, బాబీ ప్రిన్స్ చేశారు. ముఖ్య గీతం గ్రాబ్‌బాగ్ లీ జాక్సన్‌ది. పాటలన్నీ మామూలు మిడీ ఫైళ్లుగానే జీఆర్‌పీ అనే పెద్ద ఫైల్‌లో ఉంటాయి, అదే స్లేడ్‌తో తెరుచుకుంటాయి. డూమ్‌కి చేసిన పోలికే ఇక్కడా చేయండి, ఈసారి ఫలితం వేరు. గ్రాబ్‌బాగ్‌ని ఓపీఎల్‌లో వింటే హీరో ఎంట్రీ పాటను నోకియా రింగ్‌టోన్‌లో విన్న బాధ కలుగుతుంది. దీనికి సౌండ్‌ఫాంట్ తప్పనిసరి. మొదటి లెవెల్‌లో వచ్చే స్టాకర్ మాత్రం రెండింటిలోనూ నిలబడుతుంది.

ఆరో అడుగు: క్వేక్, సీడీల గొడవ

క్వేక్ 1996 జూన్ 22న వచ్చింది. సంగీతం, శబ్దాలు ట్రెంట్ రెజ్నర్, ఆయన బృందం నైన్ ఇంచ్ నెయిల్స్. ఆటలో మేకుల తుపాకీకి దొరికే తూటాల పెట్టెల మీద ఆ బృందం గుర్తు ఉంటుంది, ఈసారి ఆడినప్పుడు గమనించండి. డూమ్ తర్వాత ఇది వినేవాళ్లు మొదట నిరాశపడతారు. ట్యూన్ ఏదని అడుగుతారు. ట్యూన్ దాదాపు లేదు. ఎక్కడో యంత్రం మూలుగు, ఇనుము రాపిడి, ఎవరో గొణుగుతున్నట్టు శబ్దం. దీన్ని స్పీకర్లో పెద్దగా పెట్టి ఇంట్లో పనులు చేసుకుంటే ఏమీ ఎక్కదు. పైగా అమ్మ వంటింట్లోంచి "ఏంట్రా ఆ గోల, మిక్సీ పాడైందా?" అంటుంది. రాత్రిపూట ఇయర్‌ఫోన్లతో, ఆడుతూ వినాల్సిన సంగీతమిది.

అసలు డిస్కులో ఒకటో ట్రాక్ ఆట డేటా, రెండు నుంచి పదకొండు వరకు పాటలు. సీడీ నుంచి ఆటను కాపీ చేసుకున్నవాళ్లకీ, తర్వాత చాలా ఏళ్లు ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకీ పాటలు రాకపోవడానికి కారణం ఇదే. పాటలు ఆట ఫైళ్లలో లేవు, డిస్కు మీద వేరే ఉన్నాయి. డిస్కు లేకపోతే ఆట మూగబోయేది. 2021లో వచ్చిన కొత్త విడుదలలో సంగీతం కలిపి ఇస్తున్నారు కాబట్టి ఇప్పుడు కొనేవాళ్లకు ఆ బెంగ లేదు.

పాత డిస్కు బీరువాలో ఉన్నవాళ్లు ఇలా చేయండి. ముందు వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. మన గాలిలో తేమకి సీడీల మీద సాలెగూడులా బూజు పాకుతుంది. అది పై మురికే అయితే మంచినీళ్లతో కడిగి, మెత్తని నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకు నిటారుగా తుడవండి, గుండ్రంగా రుద్దవద్దు. వెండిపూతే తినేసి చిల్లులు కనిపిస్తుంటే ఆ ట్రాకులు పోయినట్టే. తుడిచాక ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రామ్‌తో రెండో ట్రాక్ నుంచి ఫైళ్లుగా తీసుకోండి. డిస్కును మామూలు సీడీ ప్లేయర్‌లో పెట్టేవాళ్లు ఒకటో ట్రాక్ దాటవేయండి. కొన్ని పాత ప్లేయర్లు డేటాను కూడా పాటనుకుని వాయించి చెవులు చిల్లులు చేస్తాయి.

తీసిన పాటలను ఓజీజీ అనే ఆడియో రూపంలోకి మార్చి, ఆట ప్రధాన ఫోల్డర్ ఐడీ1 లోపల మ్యూజిక్ అన్న ఫోల్డర్ చేసి అందులో పెట్టండి. పేర్లు చిన్న ఇంగ్లిష్ అక్షరాలతో ట్రాక్02 నుంచి ట్రాక్11 వరకు ఉండాలి, సున్నా మరవద్దు. క్వేక్‌స్పాజ్మ్ లాంటి పోర్టులు (పాత ఆటను కొత్త కంప్యూటర్లో నడిపే ప్రోగ్రాములు) వాటిని పట్టుకుని ఏ లెవెల్‌కి ఏది కావాలో అదే వాయిస్తాయి. ఏ లెవెల్‌కి ఏ ట్రాక్ అన్నది మ్యాపు ఫైల్‌లోనే అంకె రూపంలో రాసి ఉంటుంది. అందుకే ట్రాకుల వరస మారితే పాటలు తారుమారవుతాయి.

క్వేక్ 2 వేరే ప్రపంచం. సోనిక్ మేహెమ్ పేరుతో సాషా డికిచియన్ చేసిన మెటల్ గిటార్ల మోత అది. డిసెంట్ ఇంటూ సెర్బెరాన్‌తో మొదలుపెట్టండి. రావులపాలెం బ్రిడ్జి మీద బస్సు కిటికీ పక్కన కూర్చుని వినడానికి ఇంతకంటే మంచి పాట ఈ జాబితాలో లేదు. హాఫ్-లైఫ్‌లో కెల్లీ బెయిలీ ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. చాలాసేపు పాటే ఉండదు, ఒక తలుపు తెరిచినప్పుడో లిఫ్టు దిగినప్పుడో కొద్దిసేపు వచ్చి వెళ్లిపోతుంది. దాన్ని ఆటలోంచి విడదీసి వింటే సగం పోతుంది.

ఏడో అడుగు: అన్‌రియల్ మాడ్యూళ్లు

అలెగ్జాండర్ బ్రాండన్, మిషియెల్ వాన్ డెన్ బాస్ పేర్లు ఈ ఆటల్లో ముఖ్యంగా వినిపిస్తాయి. ఆట ఫోల్డర్‌లో మ్యూజిక్ తెరిస్తే యూఎంఎక్స్ ఫైళ్లు కనిపిస్తాయి. వాటిని ఓపెన్‌ఎంపీటీ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో తెరవండి. పాట మోగుతుంటే పట్టిక పైనుంచి కిందికి పాకుతూ కనిపిస్తుంది. నిలువు వరస ఒక్కొక్కటి ఒక్కో ఛానల్. ఒక్కో ఛానల్‌ను ఆపి చూడండి. అన్‌రియల్ టోర్నమెంట్‌లో ఫేసింగ్ వరల్డ్స్ మ్యాపుకి వచ్చే ఫోర్‌గాన్ డిస్ట్రక్షన్‌లో డ్రమ్స్ ఒక్కటే ఉంచి మిగతావి ఆపితే, అంత తేలిగ్గా తేలుతున్న పాట కింద ఎంత పరుగు ఉందో అర్థమవుతుంది.

అన్‌రియల్‌లో ఒకే మాడ్యూల్ ఫైల్‌లో ప్రశాంతమైన భాగమూ, పోరాటపు భాగమూ పక్కపక్కనే ఉండే పాటలున్నాయి. శత్రువు ఎదురైతే ఆట అదే ఫైల్‌లో ఇంకో చోటికి దూకుతుంది. అందుకని మామూలు ప్లేయర్‌లో మొదటి నుంచి చివరిదాకా వింటే ఆటలో విన్న క్రమం రాదు. ఓపెన్‌ఎంపీటీలో వరస జాబితా చూసి మీకు కావలసిన భాగం మీద నొక్కి అక్కణ్నుంచి వినండి.

ఎనిమిదో అడుగు: మీ జాబితా కట్టుకోండి

పాటను ఆట బయట ఒకసారి, ఆడుతూ ఒకసారి వినండి. తుపాకీ మోతల మధ్య కూడా పాట చెవికి అందుతోందా? అదే లెవెల్‌లో పదే పదే చచ్చి మొదలుపెడుతుంటే విసుగొస్తోందా? ఆట పాటకు ఇవే అసలు పరీక్షలు. వినగానే నచ్చినవి కొన్ని ఇక్కడ తప్పుతాయి. డూమ్ మొదటి ఎపిసోడ్‌లో సస్పెన్స్ ఒంటరిగా వింటే సాదాగా ఉంటుంది, ఆ లెవెల్ చీకట్లో మాత్రం దాని పని అది చేసుకుపోతుంది.

కన్సోల్ ఆటలను వదిలేయకండి. 1997 నాటి గోల్డెన్‌ఐ 007లో గ్రాంట్ కర్క్‌హోప్, గ్రేమ్ నార్‌గేట్, రాబిన్ బీన్‌లాండ్ చేసిన పాటలు మొత్తం ఆటతో కలిపి 12 ఎంబీ కార్ట్రిడ్జ్‌లో ఇమిడాయి. అదే ఏడు వచ్చిన డూమ్ 64లో ఆబ్రీ హాడ్జెస్ అసలు పాటే లేకుండా గాలి, మూలుగులతో నడిపించాడు. బాబీ ప్రిన్స్ అభిమానులు దాన్ని తిట్టుకుంటారు. నేను తిట్టుకోను. కొత్త గొంతుతో పాత డూమ్ కావాలంటే ఆండ్రూ హల్షల్ట్ నిజమైన గిటార్లతో చేసిన ఐడీకేఎఫ్ఏ అనే ఆల్బమ్ ఉంది. 2024 డూమ్ విడుదలలో దాన్ని మెనూలోంచే మార్చుకుని వినొచ్చు.

తొమ్మిదో అడుగు: ఫోన్‌లోకి, ఆ తర్వాత భద్రంగా

మిడీ, మాడ్యూల్ పాటలు ఫోన్‌లో వినాలంటే ఒకసారి మామూలు ఆడియోగా మార్చుకోవాలి. మాడ్యూళ్లను ఓపెన్‌ఎంపీటీ నేరుగా ఎగుమతి చేస్తుంది. డూమ్ పాటకు తేలిక దారి ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగ్ ప్రోగ్రామ్. హోస్ట్‌గా విండోస్ వాసపీ, రికార్డింగ్ డివైస్‌గా లూప్‌బ్యాక్ అని ఉన్నదాన్ని ఎంచుకుని, ఆటలో పాట పెట్టి రికార్డు నొక్కండి. మధ్యలో వాట్సాప్ టింగ్ మంటే అదీ రికార్డవుతుంది, నోటిఫికేషన్లు ఆపేయండి. ఆటలోని తుపాకీ, తలుపు శబ్దాల వాల్యూమ్ సున్నా చేసి, మ్యూజిక్ మాత్రమే ఉంచండి. పాట గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి రెండు చుట్లు తిరగనిచ్చి, చివర ఎనిమిది పది సెకన్లు మెల్లగా తగ్గించి ఆపితే వినడానికి హాయిగా ఉంటుంది.

ఫైల్ పేరులో ఆట, పాట, వాయించిన గొంతు మూడూ రాయండి. డూమ్, సైన్ ఆఫ్ ఈవిల్, ఓపీఎల్ అన్నట్టు. లేకపోతే ఆర్నెల్లకు ఏది ఏదో తెలియదు. మిడీ ఫైళ్లను దాచేటప్పుడు మీరు వాడిన సౌండ్‌ఫాంట్‌ను కూడా అదే ఫోల్డర్‌లో పెట్టండి. అది మారితే మీకు నచ్చిన పాటే మారిపోతుంది. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ను వానాకాలం బీరువా అడుగున బట్టల మధ్య పెట్టకుండా, సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో ఉంచండి. రికార్డు చేసినవాటిని ఆన్‌లైన్‌లో అందరికీ పంచకండి, హక్కులు కంపెనీలవి. అడిగిన స్నేహితుడికి షేర్‌వేర్ వాడ్, చాక్లెట్ డూమ్ ఎక్కడ దొరుకుతాయో చెప్పండి, నాలుగో అడుగు నుంచి వాడే మొదలుపెట్టుకుంటాడు.